ప్రత్యేక ఆహ్వానితులుగా కాదు, ఓటున్న సభ్యులుగా

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వరంగ సంస్థల్లో వేతన సవరణ చర్చల తీరుతెన్నుల మీద ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పెంపు శాతం, బకాయిల చెల్లింపు, ఒప్పంద కాలపరిమితి వంటి విషయాలన్నీ వివరంగా చర్చించిన ఆ వ్యాసంలో, అదే ఒప్పందం కింద పనిచేసే మహిళల ప్రస్తావన ఒక్క వాక్యంలోనైనా లేకపోవడం బాధ కలిగించింది. ఆశ్చర్యం మాత్రం కలగలేదు, ఎందుకంటే ఆ చర్చలు జరిగే గదిలోనే మా ప్రస్తావన అంతంతమాత్రం. నేను ఒక ప్రభుత్వరంగ సంస్థలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరిన నెలలోనే యూనియన్‌లోనూ చేరాను, ఒక్క నెల కూడా చందా ఆపలేదు, గత ఆరేళ్లుగా మా యూనియన్ మహిళా విభాగానికి కన్వీనర్‌గా ఉన్నాను. యూనియన్ మీద నమ్మకం పోయిన మనిషిని కాను. ఆ నమ్మకం ఉన్నందువల్లనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గత వేతన సవరణ సందర్భంగా మేము యాజమాన్యానికి ఇచ్చిన డిమాండ్ల పత్రంలో 31 అంశాలున్నాయి. వాటిలో మూడు మహిళా విభాగం తరఫున తయారుచేసినవి: బయటి విధుల్లో తిరిగే మహిళా సిబ్బందికి మరుగుదొడ్డి, విశ్రాంతి గది సౌకర్యం, ఎక్కువగా మహిళలే పనిచేసే రెండు కేడర్ల జీతాల స్థాయిని మళ్లీ మదింపు చేయడం, వేధింపుల ఫిర్యాదు చేసిన ఉద్యోగినిని విచారణ పూర్తయ్యేదాకా ఆమె ఇష్టం లేకుండా బదిలీ చేయకపోవడం. ఈ మూడు అంశాలను రాయడానికి మేము నాలుగు నెలలు తిరిగాం. ప్రతి విభాగానికీ వెళ్లి, భోజన విరామంలో ఇద్దరిద్దరితో ముగ్గురుముగ్గురితో కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, అందులోంచి యాజమాన్యం ముందు నిలబడగలిగినవి ఏరి పెట్టాం. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మేము అడిగాం, లెక్కలతో సహా అడిగాం.

చివరి విడత చర్చలు సాయంత్రం మొదలై తెల్లవారుజాము దాకా సాగాయి. మా తరఫున చర్చల బృందంలో కూర్చున్న తొమ్మిది మందీ పురుషులే. నేను ప్రత్యేక ఆహ్వానితురాలిని. మా నియమావళి ప్రకారం ప్రత్యేక ఆహ్వానితులు కార్యవర్గ సమావేశాల్లో మాట్లాడవచ్చు గాని ఓటు వేయడానికి లేదు, చర్చల బృందంలో మాత్రం కూర్చోవడానికే లేదు. అందువల్ల ఆ రాత్రంతా నేను పక్క గదిలో ఫైళ్లు ముందు పెట్టుకుని, ఏదైనా వివరం కావాలంటే పిలుస్తారని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. తెల్లవారి చేతికొచ్చిన ఒప్పంద ప్రతిలో మా మూడు అంశాలూ కలిపి ఒకే వాక్యంగా మారిపోయాయి: ‘మహిళా ఉద్యోగుల సమస్యలు సానుభూతితో పరిశీలించబడును.’ గడువు లేదు, పరిశీలించేది ఎవరో లేదు. మా కార్యదర్శి నిద్రలేని కళ్లతో నా దగ్గరికి వచ్చి, “అమ్మా, అన్నీ ఒక్కసారే రావు. వచ్చేసారి మీవి ముందు పెడదాం” అన్నారు. ఆయన మంచి మనిషి. నా ఉద్యోగానికి ముప్పు వచ్చినప్పుడు నా కోసం మూడు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. ఆ మాట ఆయన నోట రావడమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే తప్పు ఒక మనిషి స్వభావంలో ఉంటే మనిషిని మార్చుకుంటే సరిపోయేది.

చర్చలు నడిచే పద్ధతి తెలిసినవారికి ఇది ఎలా జరుగుతుందో సులువుగా అర్థమవుతుంది. మొదటి రోజు 31 అంశాలూ బల్ల మీద ఉంటాయి. వారం గడిచేసరికి పదిహేను మిగులుతాయి. చివరి రాత్రి యాజమాన్యం తన దగ్గరున్న మొత్తం ఇంతేనని, దాన్ని ఎలా సర్దుకుంటారో మీ ఇష్టమని చెబుతుంది. అప్పుడు బృందంలోని ప్రతి సభ్యుడూ తనను ఎన్నుకున్న విభాగం ముఖం గుర్తుచేసుకుంటాడు. ఈ అంశం లేకుండా వెనక్కి వెళితే మావాళ్లకు ఏం చెప్పాలి అన్న భయమే ఆ క్షణంలో ఒక డిమాండును కాపాడుతుంది. ఆ భయం తప్పు కాదు, ప్రాతినిధ్యం అంటే ఒక రకంగా అదే. మా మూడు అంశాల విషయంలో ఆ భయం ఉన్న మనిషి ఆ గదిలో ఒక్కరూ లేరు. వాటిని ఎవరూ వ్యతిరేకించలేదు. ఎవరూ పట్టుబట్టలేదు, అంతే.

ఇంకొక విషయం కూడా గమనించాను. దాదాపు అందరూ పురుషులే ఉన్న ఒక కేడర్‌కు రాత్రి డ్యూటీ భత్యం పెంచమని అడిగితే దాన్ని మా పత్రాల్లో ‘సాధారణ డిమాండ్’ అంటారు. దాదాపు అందరూ మహిళలే ఉన్న కేడర్‌కు జీతం స్థాయి పెంచమంటే అది ‘మహిళల సమస్య’ అవుతుంది. రెండూ జీతానికి సంబంధించినవే, రెండూ కొందరికే వర్తించేవే. పేరు పెట్టడంలోనే ఒకటి అందరి బాధ్యతగానూ రెండోది కొందరి కోరికగానూ మారిపోతుంది.

మొదటి డిమాండు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని చిన్న సౌకర్యంగా భావించేవారు ఎక్కువ. మహిళా విభాగం పర్యటనల్లో నేను ఒక రోజంతా బయటి విధుల్లో ఉండే ఒక సహోద్యోగినితో తిరిగాను. ఉదయం బయలుదేరేటప్పుడు ఆమె సంచిలో నీళ్ల సీసా పెట్టుకుంది. ఎండ బాగా ఉంది. మధ్యాహ్నం నేను నా సీసా ఖాళీ చేసి మళ్లీ నింపుకున్నాను, ఆమె మూత కూడా తీయలేదు. సాయంత్రం ఆఫీసుకు చేరాక ఆ సీసా పొద్దున నింపినట్టే నిండుగా ఉంది. అడిగితే, “తాగితే వెళ్లాల్సొస్తుంది కదా మేడమ్, ఎక్కడికి వెళ్లను?” అంది. పదకొండేళ్లుగా డ్యూటీ రోజుల్లో ఆమె అలవాటు అదే. రెండుసార్లు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌తో సెలవు పెట్టింది, ఆ సెలవులు హాజరు పట్టికలో అనారోగ్యం కింద ఆమె ఖాతాలోనే పడ్డాయి. ఇది పని పరిస్థితుల వల్ల వచ్చిన జబ్బు అని యూనియన్ రికార్డుల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే అలా రాయమని అడిగే పద్ధతి మా దగ్గర లేదు. ఆ గదిలో ఆమె గాని, ఆమెలాంటి మరొకరు గాని ఓటు హక్కుతో కూర్చుని ఉంటే, ‘సానుభూతితో పరిశీలించబడును’ అన్న వాక్యం మీద మా వైపు నుంచి సంతకం పడేది కాదని నా గట్టి నమ్మకం.

రెండో డిమాండు ఇంకా లోతైనది. ఒకే పనికి ఒకే జీతం అన్న సూత్రం ప్రభుత్వరంగంలో చాలావరకు అమలులోనే ఉంది, ఒకే కుర్చీలో కూర్చున్న స్త్రీకీ పురుషుడికీ జీతపు చీటీలో తేడా ఉండదు. అందుకే మాకు వివక్ష లేదని గర్వంగా చెప్పుకుంటాం. అయితే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడిక మాట్లాడేది ఒకే పని గురించి మాత్రమే కాదు, సమాన విలువ గల పని గురించి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే మహిళల జీతం ఏళ్ల తరబడి తరిగిపోతూ ఉంది. ఒక కేడర్ జీతాన్ని నిర్ణయించేటప్పుడు బరువు ఎత్తడం, యంత్రం నడపడం, రాత్రి మెలకువ వంటివాటికి మార్కులు పడతాయి. కోపంతో వచ్చిన ప్రజలతో రోజంతా ఓర్పుగా మాట్లాడడం, వేల రికార్డుల్లో ఒక్క అంకె తప్పు పోకుండా చూడడం, జబ్బుపడినవారిని కనిపెట్టుకుని ఉండడం వంటివి నైపుణ్యాలుగా లెక్కకు రావు. అవి ఆడవాళ్లకు సహజంగా వచ్చే గుణాలని ఊరుకుంటారు. గుణానికి జీతం ఉండదు కదా. ఈ మదింపు పట్టికలు తయారుచేసేటప్పుడు యూనియన్ ప్రతినిధులు కూడా బల్లకు ఇవతల కూర్చునే ఉంటారు గనుక బాధ్యత యాజమాన్యానిది ఒక్కటే కాదు.

యూనియన్ ఈ విషయంలో ఏ వైపు నిలబడుతుందన్నదాన్ని బట్టి ఎంత తేడా వస్తుందో రెండు ఉదాహరణలు చెబుతాను. బ్రిటన్‌లోని మిడిల్స్‌బరో పురపాలక మండలిలో కొత్త జీతాల ఒప్పందం కుదిరే సమయంలో మహిళా సిబ్బందికి సమాన వేతన బకాయిలు రావలసి ఉంది. అక్కడి జీఎంబీ యూనియన్ కొత్త విధానంలో జీతం తగ్గే ఉద్యోగుల రక్షణకూ, భవిష్యత్తు జీతాలకూ ప్రాధాన్యం ఇచ్చి, మహిళలను తక్కువ బకాయిలతో రాజీపడమని సలహా ఇచ్చింది. ఆ మహిళలు తమ సొంత యూనియన్ మీదనే కేసు వేశారు. 2008లో అప్పీలు కోర్టు, యూనియన్ పెట్టుకున్న లక్ష్యం న్యాయమైనదే అయినా మహిళలను ఒప్పించిన తీరు సమర్థనీయం కాదని, అది మహిళా సభ్యుల పట్ల పరోక్ష వివక్షేనని తేల్చింది. చందా కట్టిన సభ్యులు తమ సంఘాన్నే కోర్టుకు లాగవలసి రావడం కన్నా పెద్ద నష్టం ఏ సంఘానికీ ఉండదు. ఇక న్యూజిలాండ్‌లో క్రిస్టీన్ బార్ట్‌లెట్ అనే సంరక్షణ కార్మికురాలు వృద్ధాశ్రమంలో ఇరవై ఏళ్లు పనిచేసినా ఆమె జీతం చట్టబద్ధమైన కనీస వేతనానికి కాస్త పైన మాత్రమే ఉండేది. ఎక్కువగా మహిళలే చేసే పని కాబట్టే ఆ పనికి విలువ తక్కువ కట్టారని ఆమె యూనియన్ ఆమె తరఫున 2012లో కేసు వేసి చివరి దాకా వెంట నిలిచింది. 2014లో అక్కడి అప్పీలు కోర్టు ఆ వాదనకు దారి తెరిచింది. 2017లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం వల్ల ఆమె ఒక్కరికే కాక దాదాపు 55,000 మంది సంరక్షణ కార్మికులకు జీతం పెరిగింది, వారిలో పురుషులూ ఉన్నారు. ఆ ఒక్క మహిళ ఫిర్యాదును ‘ప్రత్యేక సమస్య’ అని పక్కన పెట్టి ఉంటే ఆ 55,000 మందికీ ఏమీ దక్కేది కాదు.

మూడో డిమాండు గురించి రాయడం కష్టం, రాయకుండా ఉండడం ఇంకా కష్టం. వేధింపుల ఫిర్యాదుల్లో బాధితురాలూ నిందితుడూ ఇద్దరూ ఒకే యూనియన్ సభ్యులు అయిన సందర్భాలే ఎక్కువ. ఫిర్యాదు చేసిన ఒక ఉద్యోగినిని శాఖ కార్యాలయానికి పిలిపించి, “మనలో మనం మాట్లాడుకుందాం, కాగితం దాకా ఎందుకు?” అని చెప్పిన సందర్భంలో నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆ రోజు నేను గట్టిగా మాట్లాడలేకపోయాను. ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంది, రెండు నెలలకు బదిలీ మీద వెళ్లింది, ఆ తర్వాత యూనియన్ సభ్యత్వమూ వదులుకుంది. నిందితుడికి తన వాదన వినిపించుకునే హక్కు ఉంది, యూనియన్ అతనికి ప్రతినిధిని ఇవ్వాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. ఫిర్యాదు చేసిన మహిళకు కూడా అంతే అనుభవం ఉన్న వేరొక ప్రతినిధిని ఇవ్వాలి, ఆ ఇద్దరు ప్రతినిధులూ ఒకరి ఫైలు ఒకరు చూడకూడదు, ఏ శాఖ నాయకుడూ రాజీ మాట ఎత్తకూడదు. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించి 2021 జూన్ 25 నుంచి అమల్లోకి వచ్చిన 190వ ఒడంబడిక, పని ప్రపంచంలో హింస, వేధింపులు అన్నప్పుడు ఆఫీసు నాలుగు గోడలతో ఆగలేదు. విశ్రాంతి తీసుకునే చోటు, బట్టలు మార్చుకునే గది, పని మీద చేసే ప్రయాణం, ఇంటికీ పనికీ మధ్య రాకపోకలు, పనికి సంబంధించిన ఫోను సందేశాలు అన్నీ అందులోకి వస్తాయి. ఈ ఒడంబడికను స్వాగతిస్తూ మా యూనియన్ తీర్మానం చేసింది. ఆ తీర్మానం మా సొంత శాఖ కార్యాలయాలకు కూడా వర్తిస్తుందని నియమావళిలో ఇంకా రాసుకోలేదు.

ఇక్కడ మాకు తరచూ ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. కార్మికులందరూ ఒక్కటే, స్త్రీ పురుష భేదం తెచ్చి ఐక్యతను చీల్చవద్దు అన్నది మొదటిది. ఐక్యతను నేనూ అంతే గట్టిగా కోరుకుంటున్నాను. యాజమాన్యం ముందు నిలబడేటప్పుడు మాకున్న బలం అదొక్కటే. అయితే వివిధ విభాగాలకు, ప్రాంతాలకు, కేడర్లకు కార్యవర్గంలో స్థానాలు కేటాయించినప్పుడు ఐక్యత చీలిపోలేదు, బలపడింది. ఆ స్థానాలు లేకపోతే దూరపు శాఖలవాళ్లు ఎప్పుడో విడిపోయి వేరే సంఘం పెట్టుకునేవారని పెద్దలే చెబుతుంటారు. మహిళల విషయంలో మాత్రం అదే ఏర్పాటు చీలిక ఎలా అవుతుందో ఎవరూ వివరించలేదు.

అర్హత ఉన్న మహిళలు ముందుకు రావడం లేదు అన్నది రెండో మాట. మా శాఖ సమావేశాలు సాయంత్రం డ్యూటీ ముగిశాక ఏడు గంటలకు మొదలై పది దాకా సాగుతాయి. ఆ వేళకు ఇంట్లో పిల్లలో, మంచం పట్టిన పెద్దలో ఎదురుచూస్తూ ఉంటారు. కుటుంబ బాధ్యతలున్న కార్మికుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే 156వ ఒడంబడిక చేసింది, అది స్త్రీలకూ పురుషులకూ వర్తిస్తుంది. దాన్ని యాజమాన్యం పాటించాలని మేము అడుగుతాం, మా సమావేశాల వేళలకు మాత్రం దాన్ని వర్తింపజేయం. రెండేళ్ల క్రితం ఒక శాఖలో ప్రయత్నంగా సమావేశాన్ని భోజన విరామానికి ఆనుకుని గంటన్నరకు కుదించి పెట్టారు. ఎప్పుడూ ముగ్గురు నలుగురు వచ్చే చోట ఆ రోజు కుర్చీలు చాలక మహిళలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ముందుకు రావడం లేదన్న మాటను ఆ శాఖలో ఆ తర్వాత నేను వినలేదు.

సమావేశానికి రాలేని వారి సంగతి ఇలా ఉంటే, అసలు సభ్యత్వానికే నోచుకోని వారి సంగతి వేరు. ఊడ్చి తుడిచేవారు, క్యాంటీన్‌లో వండేవారు, కంప్యూటర్లలో వివరాలు ఎక్కించేవారు చాలా చోట్ల కాంట్రాక్టు మీదనో ఔట్‌సోర్సింగ్ మీదనో ఉన్నారు, వారిలో మహిళలు ఎక్కువ. మా నియమావళి పర్మినెంట్ ఉద్యోగులకే సభ్యత్వం ఇస్తుంది. ఒక గర్భిణి తన కాంట్రాక్టు పునరుద్ధరణ జరగలేదని చెప్పుకోవడానికి యూనియన్ ఆఫీసు గడప దాకా వచ్చి, సభ్యురాలు కాదు గనుక ఆ గడప దగ్గరే ఆగిపోయింది. మహిళల ప్రాతినిధ్యం గురించి మాట్లాడే మాలాంటి పర్మినెంట్ ఉద్యోగినులు ముందుగా ఆ గడప సంగతి మాట్లాడాలి. మేము ఇన్నాళ్లూ మాట్లాడకపోవడం మా తప్పే.

ఇతర చోట్ల దీన్ని నియమాలతోనే సరిచేసుకున్నారు. బ్రిటన్‌లో ప్రజాసేవల ఉద్యోగుల పెద్ద సంఘమైన యూనిసన్ 1993లో మూడు సంఘాల విలీనంతో ఏర్పడినప్పుడే, సభ్యత్వంలో మహిళలు ఎంత నిష్పత్తిలో ఉంటే ఎన్నికైన కమిటీల్లోనూ అంత నిష్పత్తిలో ఉండాలని నియమావళిలో రాసుకుంది. జాతీయ కార్యవర్గంలో తక్కువ జీతం గల మహిళలకు విడిగా స్థానాలు పెట్టింది. మహిళలన్నప్పుడు కుర్చీలన్నీ పెద్ద హోదాలో ఉన్నవారికే పోకుండా ఈ చివరి ఏర్పాటు చేసిన ఆలోచన నన్ను బాగా ఆకట్టుకుంది. ఆ సంఘంలోనూ ప్రధాన కార్యదర్శి పదవికి ఒక మహిళ, క్రిస్టీనా మెకానియా, ఎన్నికైంది 2021లోనే. నియమం రాసుకున్నాక కూడా పై మెట్టు ఎక్కడానికి 28 ఏళ్లు పట్టిందంటే, నియమమే లేని చోట ఎంత కాలం పడుతుందో ఊహించుకోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా ప్రభుత్వ సేవల సంఘాలు సభ్యులుగా ఉన్న పబ్లిక్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ కూడా తన నిర్ణయాలు చేసే కమిటీల్లో స్త్రీ పురుషులు సమానంగా ఉండాలన్నదాన్ని నియమంగా పెట్టుకుంది.

మా మహిళా విభాగం ఇప్పుడు నియమావళి సవరణ ఒకటి ప్రతిపాదించింది. యాజమాన్యంతో చర్చలు జరిపే ప్రతి బృందంలోనూ సభ్యత్వ నిష్పత్తికి తగ్గకుండా మహిళలు పూర్తి ఓటు హక్కుతో ఉండాలని, వారిని కార్యదర్శి నామినేట్ చేయకుండా మహిళా సభ్యులే ఎన్నుకోవాలని అందులో రాశాం. డిమాండ్ల పత్రంలోని ఏ అంశాన్నైనా చర్చల్లో వదులుకున్నప్పుడు, ఎప్పుడు, ఎవరి అంగీకారంతో, దేనికి బదులుగా వదులుకున్నారో ఒప్పందం ఆమోదానికి పెట్టే ముందే సభ్యులకు రాతపూర్వకంగా చెప్పాలన్నది రెండో భాగం. నిజం చెప్పాలంటే నేను మొదటి భాగం కన్నా దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. కుర్చీ దొరికిన మహిళ కూడా తెల్లవారుజామున అలసిపోయి తలూపవచ్చు. కారణం రాసి సంతకం పెట్టాలంటే ఎవరైనా ఒకసారి ఆగుతారు. ఈ భాగం మహిళల అంశాలకే పరిమితం కాదు, ఏ చిన్న కేడర్ అంశమైనా అదే రక్షణ పొందుతుంది.

ఈ సవరణ గత సర్వసభ్య సమావేశంలో ఎజెండాలో చివరి అంశంగా ఉంది. దాని వంతు వచ్చేసరికి సమయం మించిపోయిందని వాయిదా వేశారు. ఆ సభలో మహిళా విభాగానికి అప్పగించిన పని వందన సమర్పణ. ఆరేళ్లుగా మా వంతుకు వస్తున్నది అదే. మాట్లాడనిస్తారు, పేరు పిలుస్తారు, వేదిక మీద కుర్చీ వేస్తారు, లెక్కించేటప్పుడు మాత్రం మేము ఆటలో అరటిపండులమే. ఈసారి వందన సమర్పణ మరెవరికైనా అప్పగించి, మా సవరణను ఎజెండాలో మొదటి మూడు అంశాల్లో ఒకటిగా చేర్చమని కార్యవర్గానికి రాతపూర్వకంగా కోరాం. 412 మంది మహిళా సభ్యులు, 96 మంది పురుష సభ్యులు ఆ లేఖ మీద సంతకాలు చేశారు. ఆ 96 సంతకాల్లో ఒకటి గత చర్చల బృందంలో కూర్చున్న ఒక పెద్దమనిషిది. ఆ రాత్రి మా అంశాలు ఎప్పుడు జారిపోయాయో తనకు గుర్తు కూడా లేదని, అందుకే సంతకం చేస్తున్నానని ఆయన నాతో చెప్పారు.

ఇతర ప్రభుత్వరంగ సంఘాల్లో చర్చల బృందాల్లో కూర్చున్నవారు, స్త్రీలైనా పురుషులైనా, తమ దగ్గర మహిళల అంశాలు ఏ దశలో నిలిచాయో, ఏ దశలో పోయాయో మీ పత్రికకు రాస్తే మాకు ఎంతో ఉపయోగపడుతుంది. అటువంటి ఉత్తరాలకు మీ పేజీల్లో చోటివ్వమని కోరుతున్నాను. మా సర్వసభ్య సమావేశం వచ్చే నెలలో ఉంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వరంగ ఉద్యోగిని, యూనియన్ మహిళా విభాగం కన్వీనర్